సూరికి: డబ్బాల సంగతి ముందు చూసుకో

విశాఖపట్నం

ఒరేయ్ సూరీ,

గోదావరి జిల్లాలో తవ్వే కొత్త గ్యాస్ బావికి శాంపిళ్లు చూసేది నువ్వేనట కదా. ల్యాబ్‌లో ఎంత ఖరీదైన మెషీనైనా నువ్వు నింపిన డబ్బాలో పడ్డదే చూపిస్తుందిరా. అందులోని గ్యాస్ రాతిలోదా, మడ్‌లోదా (తవ్వేటప్పుడు బావిలో తిప్పే బురద ద్రవం), బిట్ (రాతిని తొలిచే మొన) వేడికి పుట్టిందా అన్నది రిగ్గు దగ్గరే తేలాలి.

ముందు లాగ్ టైమ్, అంటే అడుగున బిట్ కొట్టిన రాతి ముక్కలు మడ్‌తో పైకి రావడానికి పట్టే టైమ్. పంపు స్ట్రోకుల లెక్కనే పట్టుకు కూర్చోకు. బావి గోడ కొట్టుకుపోయి వెడల్పయితే ముక్కలు ఆలస్యంగా పైకొస్తాయి, నువ్వు రాసే లోతు తప్పవుతుంది. కనెక్షన్ వేసేటప్పుడు, అంటే కొత్త పైపు జోడించేటప్పుడు, పైపులో కాస్త కాల్షియం కార్బైడ్ వేయించు. అది నీళ్లు తగిలి ఎసిటిలీన్ గ్యాస్ అవుతుంది; ఆ గ్యాస్ పైన కనబడటానికి పట్టిన టైమ్‌లోంచి పైపులో కిందికి దిగిన టైమ్ తీసేస్తే అసలు లాగ్ దొరుకుతుంది.

షేకర్ (మడ్‌ని వడగట్టే జల్లెడ) మీద ముక్కలు తీసి, మడ్ పోయేటంత మాత్రం కడుగు. డబ్బాలో ముక్కలు, నీళ్లు పోసి పైన 2.5 సెంటీమీటర్లు ఖాళీ ఉంచు. బెంజాల్కోనియం క్లోరైడ్ వేయి, లేకపోతే దారిలో బాక్టీరియా గ్యాస్‌ని మార్చేస్తుంది. మూత బిగించి తలకిందులుగా పంపు: కారితే నీళ్లే కారతాయి, గ్యాస్ లోపలే ఉంటుంది.

రాక్-ఎవాల్‌కి, అంటే రాతిని వేడిచేసి అందులోని నూనె సరుకు కొలిచే పరీక్షకి, వేరే సంచి. తేమ ఎక్కువని హాట్ ప్లేట్ మీద పెట్టేస్తారు చూడు, అది ఒప్పుకోకు. 40 డిగ్రీలు దాటితే ఎస్1, అంటే రాతిలో ఇప్పటికే విడిగా ఉన్న నూనె, ఎగిరిపోతుంది. ఎస్2 (ఇంకా వేడిచేస్తే రాయి కొత్తగా విడిచే నూనె, గ్యాస్) గ్రాముకి 0.2 మిల్లీగ్రాములకన్నా తక్కువుంటే టీమాక్స్‌ని, అంటే ఎస్2 అన్నిటికన్నా ఎక్కువగా వచ్చే ఉష్ణోగ్రతని, పక్కన పెట్టేయ్. టీమాక్స్ 435 డిగ్రీలు దాటితే ఆయిల్ మొదలు, 470 దాటితే గ్యాస్ అని అందరూ అంటారు గానీ, నూనెతో కలిపిన ఆయిల్ బేస్ మడ్ అంటితే ఎస్1 పొంగి, టీమాక్స్ దొంగతనంగా కిందికి దిగుతుంది. అనుమానమొస్తే డైక్లోరోమీథేన్ ద్రావకంతో కడిగించి మళ్లీ నడిపించమను. లిగ్నైట్, గిల్సొనైట్ (బొగ్గు, తారు జాతి పొడులు) కలిపిన మడ్ అయితే టీఓసీ (రాతిలోని మొత్తం సేంద్రియ కార్బన్) కూడా అబద్ధమే చెబుతుంది.

ఇక గ్యాస్. ఈథీన్, ప్రొపీన్, హైడ్రోజన్ కలిసి కనబడ్డాయంటే సంబరపడకు, బిట్ దగ్గర మడ్ మాడుతోంది. మీథేన్‌ని ఈథేన్, ప్రొపేన్ మొత్తంతో భాగిస్తే 1000 దాటి, మీథేన్ కార్బన్ ఐసోటోప్ (బరువైన కార్బన్ ప్రమాణంకన్నా వెయ్యికి ఎంత తక్కువుందో చెప్పే అంకె) మైనస్ 60 కన్నా దిగువనుంటే బాక్టీరియా గ్యాసే. మన కృష్ణా-గోదావరి తీరం దగ్గరి సముద్రంలోని డీ-6 గ్యాస్ బ్లాక్‌లో 2002లో బయటపడ్డది ఆ జాతే. అలాగని పొడి గ్యాసల్లా, అంటే దాదాపు అంతా మీథేనే ఉన్నదల్లా, బాక్టీరియాది కాదు: బాగా ఉడికిన రాయీ పొడి గ్యాసే ఇస్తుంది, అప్పుడు ఐసోటోప్ మైనస్ 30 దగ్గరుంటుంది. రెంటికీ మధ్య ఉంటే రెండు రకాలూ కలిశాయేమో, ఈథేన్ ఐసోటోప్ కూడా అడుగు. మీథేన్ ఒక్కదానితో తీర్పు చెప్పేవాళ్లంటే నాకు చిరాకు.

డీఎస్టీలో, అంటే బావిలోని ఒక పొరను కాసేపు పారించి చూసే పరీక్షలో, సిలిండర్ నింపేటప్పుడు హైడ్రోజన్ సల్ఫైడ్ అక్కడే కొలిపించు. ఉక్కు గోడ దాన్ని మింగేస్తుంది, ల్యాబ్‌కొచ్చేసరికి ఏమీ మిగలదు.

మొదటి డబ్బాలతోపాటే ఒక సీసా మడ్, ఒక సీసా బేస్ ఆయిల్, ఏ రోజు ఏ కెమికల్ ఎంత కలిపారో ఆ చిట్టా కూడా పంపు. పోల్చడానికి అవి లేకపోతే ఇక్కడ మేం చేయగలిగింది ఊహే. అత్తయ్యగారిని అడిగానని చెప్పు.

ఉంటాన్రా,
నీ రమణ