నాన్నగారి చెవి మిషన్ మోత తీర్చినవారికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. కారులో మా నాన్నగారిని పీడించిన మోత ఆగిపోయింది. ఆపినవాళ్ళకి నలుగురిలో దండం పెట్టుకోవాలని ఈ పోస్టు రాస్తున్నాను.

నాన్నగారు రెండు చెవులకీ మిషన్లు పెట్టుకుంటారు. కొత్త కారు కొన్నాక, ముందు సీట్లో కూర్చుంటే చాలు, "చెవిలో తుమ్మెద దూరినట్టుందిరా" అనేవారు. ఇంట్లో ఆ మోత లేదు, పాత కారులో ఎన్నడూ లేదు. మిషన్లు కొన్న చోట మిషన్లు బాగున్నాయన్నారు, కారు వాళ్ళు కారు బాగుందన్నారు. మధ్యలో నలిగింది ఆయన. చివరికి కారెక్కగానే మిషన్లు తీసి జేబులో వేసుకునేవారు. అమ్మ వెనకనుంచి ఏం మాట్లాడినా వినపడేది కాదు. విజయవాడ నుంచి గుంటూరు దాకా ఒక్క మాట ఉండేది కాదు.

వినికిడి పరీక్షలు చేసే ఆడియాలజిస్ట్ మేడమ్‌గారూ, క్లినిక్ పని మధ్యలో పార్కింగ్‌లోకి దిగి వచ్చి మా కారులో కూర్చున్నారు మీరు. స్టెతస్కోప్ లాంటి గొట్టానికి మిషన్ తగిలించి, దాన్ని డ్యాష్‌బోర్డు దగ్గర, డోరు దగ్గర, సీటు వీపు దగ్గర మెల్లగా తిప్పుతూ విన్నారు. సీటుకి దగ్గరయ్యేకొద్దీ జుమ్మనే శబ్దం పెరిగింది. గొట్టం నాకిచ్చి నన్నూ వినమన్నారు. "పెద్దాయన చెప్పింది అక్షరాలా నిజం" అన్నారు. అంతమంది అనుమానంగా చూశాక ఆ ఒక్క మాట ఆయనకి ఎంత ధైర్యమిచ్చిందో నేను చూశాను.

మిషన్‌లో టెలికాయిల్ అని సన్నటి తీగచుట్ట ఉంటుందట. ఫోన్ రిసీవర్ దగ్గరి అయస్కాంత క్షేత్రాన్ని పట్టుకుని మాటగా వినిపించడం దాని పని. ఆ క్షేత్రం ఫోన్‌దా, కారు ఎలక్ట్రానిక్స్‌దా అన్నది దానికి తెలియదు. నాన్నగారికి ల్యాండ్‌లైన్ అలవాటు కాబట్టి మైకు, కాయిల్ రెండూ కలిసి పనిచేసే ప్రోగ్రామ్‌లో ఉండేవారు. మైకు ఒక్కటే ఉంచగానే మోత పోయింది. తల తిప్పినప్పుడు శబ్దం హెచ్చుతగ్గులవడం కూడా కాయిల్ లక్షణమేనని అప్పుడే తెలిసింది.

సర్వీస్ సెంటర్లో కారు ఎలక్ట్రీషియన్ తమ్ముడికి కూడా ఎంతో రుణపడి ఉన్నాం. సీటు దగ్గర జుమ్మనే మోత, సీట్లో మనిషి ఉన్నాడో లేడో చూసే సెన్సర్‌దని ఓపిగ్గా చెప్పాడు. డోరు వేసినప్పుడు మిషన్‌లో వచ్చే టిక్ టిక్ వేరట. రిమోట్ తాళం లోపలుందా అని కారు 125 కిలోహెర్ట్జ్ దగ్గర సిగ్నల్ పంపి వెతుక్కుంటుందట. సెన్సర్ పీకేస్తే సరిపోతుందిగా అని ఎవరో అంటే, "అది ఎయిర్‌బ్యాగ్‌కి సంబంధించిందండీ, ముట్టుకోను" అని కచ్చితంగా చెప్పాడు. అలా చెప్పే మనిషి దొరకడం మా అదృష్టం. సాకెట్‌లో ఉన్న చవక ఫోన్ చార్జర్ తీయించి, దాని గోల కూడా వదిలించాడు.

ఆ తర్వాత మేడమ్‌గారు కారుకోసమే ఒక ప్రోగ్రామ్ పెట్టారు. కాయిల్ ఉండదు, నడిపే మనిషి కుడిపక్కన ఉంటారు కాబట్టి అటువైపు మాట బాగా అందుతుంది. నాన్నగారు కారెక్కగానే మిషన్ మీద బటన్ నొక్కుతారు, అంతే. ఇప్పుడు దారి పొడవునా కబుర్లే.

మీ ఇంట్లో పెద్దవాళ్ళు మిషన్ పెట్టుకుంటే, కారు కొనేముందు టెస్ట్ డ్రైవ్‌కి వాళ్ళనీ తీసుకెళ్ళి ముందు సీట్లో కూర్చోబెట్టండి.

మేడమ్‌గారూ, తమ్ముడూ, సంక్రాంతికి మిమ్మల్నిద్దరినీ కుటుంబాలతో భోజనానికి పిలవమని నాన్నగారు మరీ మరీ చెప్పారు. తప్పకుండా రావాలి.