స్తంభాలకు అంకెలు వేసుకున్నాం: మన కాలనీ సంక్షేమ సంఘం 2025-26 వార్షిక నివేదిక

గౌరవ సభ్యులందరికీ కార్యదర్శి నమస్కారాలు.

సర్వసభ్య సమావేశం ముందు నివేదిక పెట్టడం మన నియమావళిలో ఉంది. సంఘం ఆశయాలు మీ అందరికీ తెలిసినవే కాబట్టి నేరుగా పనుల్లోకి వస్తున్నాను.

2016 జనవరిలో దేశం మొత్తమ్మీద మొదటి విడతగా ఎంపికైన 20 స్మార్ట్ సిటీల్లో మన కాకినాడ ఒకటి. ఆంధ్రప్రదేశ్ నుంచి ఆ జాబితాకెక్కినవి విశాఖ, కాకినాడ మాత్రమే. ఆ రోజు ఎంత సంబరపడ్డామో పాత సభ్యులకు గుర్తుండే ఉంటుంది. ఆ స్మార్ట్ సిటీల మిషన్ అనే కేంద్ర పథకం గడువు 2025 మార్చి 31తో తీరిపోయింది. మన లెక్కల ఏడాది ఆ మర్నాడే మొదలైంది. ఏ పద్దు కింద వచ్చినవైనా దీపాలు, కెమెరాలు, స్విచ్ పెట్టెలు మన వీధుల్లోనే ఉన్నాయి. వాటిని కనిపెట్టుకుని ఉండేదెవరన్న ప్రశ్న కార్యవర్గం మొదటి సమావేశంలోనే వచ్చింది. ఈ ఏడాది మేం చేసిన పనంతా దాని చుట్టూనే తిరిగింది.

వీధి మొదట్లో తలుపు వేసి ఉండే పెట్టె సంగతి కొంచెం చెప్పాలి, ఎందుకంటే చాలామంది దాన్ని ఉత్త స్విచ్ బోర్డు అనుకుంటున్నారు. లోపల టైమరు, మీటరు, ఒక సిమ్ కార్డు ఉంటాయి. పొద్దుగుంకే వేళకు అదే దీపాలు వెలిగిస్తుంది, తెల్లారితే అదే ఆర్పుతుంది. ఎంత కరెంటు పోతోందో సిమ్ ద్వారా పై కార్యాలయానికి పంపుతుంది. వీధంతా చీకటైతే అక్కడి తెర మీద తెలిసిపోతుంది. కానీ పాత 40 వాట్ల ట్యూబులైట్ల స్థానంలో వచ్చినవి 18 వాట్ల ఎల్‌ఈడీలు. అందులో ఒక్కటి ఆరితే, మొత్తం లోడులో ఆ తేడా కనిపించనే కనిపించదు. దీపం దీపానికీ విడిగా ఒక పరికరం ఉంటే తప్ప ఏది ఆరిందో పెట్టెకు తెలియదు. మన వీధుల్లో ఆ పరికరాలు లేవు. అందుకని మనిషే చూడాలి, మనిషే చెప్పాలి.

మనం చెప్పలేదా అంటే, చెప్పాం. "వేపచెట్టు పక్క స్తంభం" అని ఫిర్యాదు ఇస్తే వచ్చినవారు వేరే వేపచెట్టు చూసి వెళ్ళిపోయారు. గుడి వెనక దీపం గురించి పెట్టిన అర్జీకి "సమస్య పరిష్కరించబడింది" అని నా ఫోనుకు సందేశం వచ్చింది. నేను ఆ సందేశం చదివింది ఆ చీకట్లోనే నిలబడి. మళ్ళీ అర్జీ పెట్టాను, మళ్ళీ అదే సందేశం. ఇది రాస్తుంటే కూడా నాకు కోపం వస్తోంది.

అందుకే స్తంభాలకు అంకెలు వేసుకున్నాం. ఈ ఏడాది మన సంఘం గర్వంగా చెప్పుకోదగ్గ పని ఇదే. పెట్టెకొక అక్షరం, స్తంభానికొక అంకె: అ-1, అ-2, ఆ-1, ఇలా. సంబంధిత అధికారుల అనుమతి తీసుకునే మొదలుపెట్టాం. సముద్రపు గాలికి ఇనుప స్తంభాలు పొరలు పొరలుగా తుప్పు పట్టి ఉన్నాయి, నేరుగా రంగు వేస్తే నిలవదు. గరుకు కాగితంతో రుద్ది, రెడ్ ఆక్సైడ్ పూసి, ఆరాక పసుపు పట్టీ వేసి, దాని మీద నల్ల అంకె రాశాం. మూడు ఆదివారాలు పట్టింది. ఇంజినీరింగ్ చదువుతున్న ఇద్దరు పిల్లలు ప్రతి స్తంభాన్నీ ఫోను మ్యాపులో గుర్తు పెట్టి, ఏది ఏ పెట్టె కిందికి వస్తుందో పట్టిక తయారు చేశారు. ఆ పట్టిక ఇప్పుడు లైన్‌మన్ జేబులోనూ ఉంది.

దాని విలువ మొంథా తుపానుకు తెలిసింది. అక్టోబరు 28 రాత్రి అది నరసాపురం దగ్గర తీరం దాటింది. మన వీధుల్లో కొబ్బరి మట్టలు తీగల మీద పడ్డాయి. స్తంభాల మొదట్లో ఉండే వైర్ల పెట్టెల్లోకి నీళ్ళు దిగాయి. ఇళ్ళకు కరెంటు వచ్చాక కూడా వీధులు చీకటిగానే ఉన్నాయి. తడిసిన ఇనుప స్తంభానికి కరెంటు పాకితే ముట్టుకున్నవారి ప్రాణానికే ముప్పు. అందుకని తెల్లవారగానే మూతలు ఊడిన స్తంభాల చుట్టూ తాడు కట్టి పిల్లల్ని అటు వెళ్ళనివ్వలేదు. ఏ అంకె స్తంభానికి ఏమైందో ఒకే కాగితం మీద రాసి ఇచ్చాం. వచ్చిన లైన్‌మన్ ఒక్క ఇంటి తలుపూ తట్టకుండా, ఎవర్నీ దారి అడగకుండా వరసగా పని చేసుకుపోయారు. "ఇలా రాసిస్తే మాకు సగం పని తగ్గుద్దండి" అన్నారాయన. ఆ మాట ఈ నివేదికలో ఉండాలని నా కోరిక.

పడమటి వీధి దీపాల గురించి పక్క చేను రైతుగారు వచ్చి చెప్పిన సంగతి ఒకటుంది. దీపం వెలుగు పడేచోట వరి ఈనడం ఆలస్యమవుతోందని, గట్టు వెంబడి ఒక పట్టీ మేర పంట పచ్చగానే ఉండిపోతోందని ఆయన బాధ. ముందు మాలో కొందరు నమ్మలేదు. వెళ్ళి చూస్తే నిజమే. కొన్ని రకాల వరి రాత్రి నిడివిని బట్టే ఈనుతుంది, వెలుగు పడితే దానికి రాత్రి చాలదు. రెండు దీపాల ముఖం రోడ్డు వైపు వంచి, వెనక రేకు కట్టించాం. మన వెలుగు ఇంకొకరి పంట మీద పడకూడదు కదా. ఆయన సంక్రాంతికి సంఘానికి అరటి గెల పంపారు.

గేటు దగ్గర కెమెరాల దృశ్యాలు ఎవరు చూడవచ్చన్న తగువు కూడా తేల్చాం. అధ్యక్షులు, కార్యదర్శి ఇద్దరూ ఉన్నప్పుడే తెరవాలి, పుస్తకంలో కారణం రాయాలి. ఎవరింటికి ఎవరొచ్చారో తెలుసుకోవడానికి అడిగితే ఇవ్వం.

జమాఖర్చులు కోశాధికారి గారు సరిచూశారు. పట్టిక సమావేశ మందిరంలో అంటించాం. రంగు, కుంచెలు, తాళ్ళ ఖర్చు చందాల నుంచే పెట్టాం, కొద్దిగా మిగిలింది. చందా బకాయి ఉన్నవారు ఈ నెలలో కట్టగలరు.

ధన్యవాదాలు చెప్పుకోవలసినవారు ఎందరో. నిచ్చెన ఇచ్చిన రంగుల మేస్త్రి గారికి, మూడు ఆదివారాలూ ఉప్మా, టీ పంపిన మూలింటి అమ్మగారికి, తుపాను మర్నాడు తాళ్ళు మోసిన కుర్రాళ్ళకు, పట్టిక చేసిన పిల్లలకు, వానలో పని చేసిన లైన్‌మన్లకు, పారిశుధ్య కార్మికులకు, నా మీద విసుక్కోకుండా ప్రతి అర్జీ మీదా సంతకం పెట్టిన అధ్యక్షులవారికి సంఘం తరఫున నమస్కారాలు.

ఒక మాట దాచకుండా చెబుతాను. అంకెల పనికి పేరు ఇచ్చినవారు 22 మంది. మొదటి ఆదివారం వచ్చింది తొమ్మిది మంది, మూడోనాటికి ఐదుగురమే మిగిలాం. వాట్సాప్‌లో మాత్రం "మా వీధి ఎప్పుడు" అని అడిగినవారికి లోటు లేదు. అలాగే పాడైన దీపాల బాగుకు ఒప్పందం ఎవరితో ఉంది, గడువెప్పటిదాకా అని రాతపూర్వకంగా మూడుసార్లు అడిగాం. ఇంతవరకూ జవాబు లేదు. ఈ నెలలో సమాచార హక్కు కింద అడుగుతున్నాం, దరఖాస్తు సిద్ధంగా ఉంది.

వచ్చే నెల నుంచి ప్రతి మొదటి శనివారం రాత్రి ఎనిమిదికి దీపాల తనిఖీ ఉంటుంది. వీధికి ఇద్దరు చొప్పున కావాలి. కాగితం కోశాధికారి గారి దగ్గర ఉంది, రాగలిగినవారే పేరు రాయండి. ఇ-వరుసలో చివరి నాలుగు స్తంభాలకు ఇంకా అంకెలు పడలేదు. రంగు డబ్బా మా ఇంట్లో ఉంది.

ఇట్లు,
కార్యదర్శి