కలెక్టర్ గారూ, తనిఖీకి తెల్లవారుజామున రండి

తిరుపతి జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

గోవిందరాజస్వామి గుడికి దగ్గర్లో మాకొక చిన్న టిఫిన్ సెంటర్ ఉంది. మా నాయన పెట్టిన షాపు. తమ్ముడు చదువుకుని బెంగళూరు వెళ్ళిపోయాడు, షాపు నా చేతికి వచ్చింది. సొంత షాపుల్లో పని చేసే పిల్లల గురించి మీకు కొన్ని సంగతులు చెప్పుకోవాలని రాస్తున్నాను.

నాకు పదకొండేళ్ళప్పుడు ప్లేట్లు కడిగే ఆమె పని మానేసింది. ఇంకొకరిని పెట్టుకునే స్తోమత లేక కాదు. "ఇంట్లో ఆడపిల్ల ఉండగా బయటిదానికి కూలి ఎందుకు" అంది మా అవ్వ. ఆ రోజు నుంచి నాలుగింటికే నాయన లేపేవాడు: "లెయ్ పాపా, రైలొచ్చే టైమయింది." రైలు దిగి, కొండకు పోయే ముందు టిఫిన్ తినేవాళ్ళ ప్లేట్లు ఎనిమిదిన్నర దాకా తెగేవి కావు. సబ్బు నీళ్ళలో నాని నా వేళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడేవి. "నీవి అవ్వ చేతులే" అనేది బెంచీలో పక్కనమ్మాయి. మొదటి పీరియడ్ లెక్కలు. ఏడో తరగతి లెక్కల పుస్తకం ఇప్పటికీ దాచుకున్నాను. పేజీల మూలల్లో సాంబారు మరకలు. సగం లెక్కల దగ్గర పెన్సిలు జారిపోయిన గీతలు, నిద్రలో.

అదే సమయానికి తమ్ముడు ట్యూషన్‌కు వెళ్ళేవాడు. సాయంత్రం గల్లాపెట్టె దగ్గర కూర్చుని చిల్లర లెక్కపెడితే వాడు వ్యాపారం నేర్చుకుంటున్నాడని మురిసిపోయేవాళ్ళు. నాది మాత్రం ఇంటి పని కిందే పోయింది. నాయన చెడ్డవాడు కాదండీ. బడికి పోయే ముందు దగ్గర కూర్చోబెట్టుకుని పొంగలి తినిపించేవాడు. అందుకే ఎదురు చెప్పలేకపోయాను. బయట యజమాని అయితే తిట్టుకుంటాం, మానేస్తాం. నాయన మీద ఎవరికి ఫిర్యాదు చేస్తాం? పదో తరగతి తప్పాను. దీనికి చదువు అబ్బలేదన్నారు. చాలా ఏళ్ళు నేనూ అదే నమ్మాను.

చట్టంలో ఏముందో పెద్దయ్యాక తెలుసుకున్నాను. 1986 నాటి బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, 14 ఏళ్ళలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదన్నారు. సొంత కుటుంబ వ్యాపారంలో మాత్రం బడి అయ్యాక, సెలవుల్లో సాయం చేయవచ్చు, అదీ ప్రమాదం లేని పని అయితేనే. ఆ సాయానికి 2017 నిబంధనల్లో హద్దులు పెట్టారు. రోజుకు మూడు గంటలు మించకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు అసలే వద్దు. ఉదయం ఎనిమిది లోపు వద్దన్న ఆ మాట చదివి ఏడ్చేశాను. టిఫిన్ షాపులో పిల్లల పని చాలావరకు ఆ ఎనిమిది లోపే. పూల అంగళ్ళలో మాలలు కట్టే ఆడపిల్లలదీ అదే కథ.

మా వీధికి తనిఖీకి ఎవరొచ్చినా పదకొండు దాటాకే రావడం చూశాను. అప్పటికి పిల్లలు బడిలో ఉంటారు, కునికిపాట్లు పడుతూ. షాపులో ఎవరూ కనబడరు.

ఒకవేళ ఎవరైనా కనబడినా ఒక్క మాటతో అయిపోతుంది: "మా అక్క కొడుకు సార్." చట్టం చెప్పే కుటుంబంలో మేనమామలు, చిన్నాన్నలు, పిన్నులు, మేనత్తలు కూడా ఉన్నారు. మన దగ్గరేమో వరస కలపనిది ఎవరిని? పల్లె నుంచి తెచ్చి పెట్టుకున్న పిల్లవాడి చేత కూడా ఓనర్‌ను మామా అనే పిలిపిస్తారు. నిజంగా మేనమామే అయినా, బడి మాన్పించి గ్లాసులు కడిగించడం సాయం ఎలా అవుతుంది? ఆ మాట చెప్పినప్పుడు ఆగిపోకండి. ఏ బడి, ఏ తరగతి అని అడగమనండి. ఆ బడికి ఫోన్ చేసి హాజరు కనుక్కోమనండి.

హాజరులోనూ ఒక చిక్కుంది. పిల్లలు చెప్పకుండా 30 రోజులు వరుసగా రాకపోతే హెడ్‌మాస్టరు నోడల్ అధికారికి, అంటే ఈ చట్టం అమలు చూసే అధికారికి తెలపాలని నిబంధన. మా పిల్లలు వరుసగా మానరు. శనివారం రద్దీ అని ఒకరోజు, ముహూర్తాలని రెండ్రోజులు, బ్రహ్మోత్సవాలని తొమ్మిది రోజులు. ముప్పై ఎప్పటికీ నిండదు, ఏడాది మాత్రం పోతుంది. మొదటి పీరియడ్‌లో రోజూ నిద్రపోయే బిడ్డ ఎవరో టీచర్లకు తెలుసు. వాళ్ళను అడిగించండి.

ఇంటి పిల్లలు షాపులో అడుగే పెట్టకూడదని నేననను. శ్రీకాళహస్తిలో కలంకారీ, మాధవమాలలో కొయ్యబొమ్మలు పెద్దవాళ్ళ పక్కన కూర్చుని నేర్చుకుంటేనే వచ్చే విద్యలు. మా పాపకు పన్నెండేళ్ళు. ఆదివారం పగలు వచ్చి చట్నీకి పోపు పెడతానంటుంది, పెట్టనిస్తాను. ప్లేట్లు మాత్రం ముట్టుకోనివ్వను. దానికొక మనిషిని పెట్టుకున్నాను, ఆమె జీతం కోసం ఇడ్లీ ప్లేటు మీద అయిదు రూపాయలు పెంచాను. నాలుగు రోజులు గొణిగారు, తర్వాత మామూలే.

మీకు నా విన్నపం ఇంతే. తెల్లవారుజామున అయిదు, ఆరు గంటలకు, రాత్రి ఎనిమిది తర్వాత కూడా తనిఖీలు పెట్టండి. వచ్చేవాళ్ళలో ఒక మహిళా ఉద్యోగి ఉండాలి. అందరి ముందూ బిడ్డను జీపు ఎక్కించవద్దు, ఆ సిగ్గు జన్మంతా పోదు. ముందు తల్లితో విడిగా మాట్లాడమనండి, పనిమనిషిని పెట్టుకుందామని చెప్పే ధైర్యం ఆమెకు మీ మాట వల్లే రావచ్చు. రాత్రి ఏడు నుంచి ఉదయం ఎనిమిది దాకా పిల్లల చేత పని వద్దన్న నిబంధనను, పిల్లల సాయం కోసం ఫోన్ చేసే 1098 నంబరును పెద్ద తెలుగు అక్షరాల్లో రాసి ప్రతి షాపులో గల్లాపెట్టె వెనక తగిలించమని, ట్రేడ్ లైసెన్స్ ఇచ్చేటప్పుడే చెప్పించండి.

మొదట మా షాపుకే రండి. అయిదున్నరకు షట్టర్ తీస్తాం.

ఇట్లు,
టిఫిన్ సెంటర్ నడుపుకునే ఒక తల్లి,
తిరుపతి