తాడు కట్టి మోసిన లెక్క లాగ్‌బుక్‌లోకి ఎక్కాలి

సంపాదకుడు గారికి,

2025 నవంబరు 3న అచ్చంపేట మండలం మన్నెవారిపల్లిలో ఎస్సెల్బీసీ (శ్రీశైలం ఎడమ గట్టు కాలువ) సొరంగం కోసం సర్వే మొదలైనప్పుడు హెలికాప్టర్ కింద వేలాడిన పెద్ద చక్రం చాలామంది చూసే ఉంటారు. నేల లోపలి పొరలు తెలుసుకోవడానికి ఎన్‌జీఆర్‌ఐ (జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ) వాళ్లు వాడిన లూప్ అది, అడ్డంగా 20 మీటర్లకు పైనే. మా దగ్గర అందరూ సొరంగం ఎప్పుడు పూర్తవుతుంది, మన చెలకలకు నీళ్లెప్పుడొస్తాయి అని మాట్లాడుకుంటుంటే నా మనసు మాత్రం ఆ చక్రాన్ని మోసుకుపోయే పైలట్ మీదికే పోయింది. మా మేనల్లుడిది అదే పని.

వాడు కొండ ప్రాంతాల్లో టవర్ల సామాను, సిమెంటు బస్తాలు, డీజిల్ డ్రమ్ములు తాడుకు వేలాడదీసి చేరవేస్తాడు. స్లింగ్ పని అంటారు. దసరాకు ఇంటికొచ్చినప్పుడు లాగ్‌బుక్, అంటే పైలట్ తను నడిపిన ప్రతి ఫ్లయిట్ రాసుకునే పుస్తకం, చూపించాడు. తేదీ, హెలికాప్టర్ రకం, ఎక్కడి నుంచి ఎక్కడికి, పగలా రాత్రా, కెప్టెనా కో-పైలటా, అన్నిటికీ గళ్లున్నాయి, స్లింగ్‌కు లేదు. చివర రిమార్కుల గడిలో చీమ తలకాయంత అక్షరాలతో ‘స్లింగ్, 22 లిఫ్టులు, 30 మీ. తాడు’ అని తనే ఇరికించుకున్నాడు, కొన్ని రోజులకు అదీ రాయలేదు. వేరే కంపెనీకి పోతే పొడుగు తాడు మీద ఎన్ని లిఫ్టులు చేశావో కాగితం చూపించమన్నారట. గంటలు చూపించాడు గానీ లిఫ్టులు చూపించలేకపోయాడు. ‘మామా, రెండేళ్ల కష్టం లెక్కలోకే రాలేదు’ అని వాడు అంటుంటే నాకు చాలా బాధనిపించింది.

గంటలుంటే చాలదా అని అడిగేవాళ్లుంటారు. చాలదు. హెలికాప్టర్‌కు రెక్కలు తిరగడం మొదలైనప్పటి నుంచి ఆగేదాకా అంతా ఫ్లయిట్ టైమే, కింద కూలీలు హుక్కుకు సామాను తగిలిస్తున్నంతసేపూ అదే లెక్క. ఆ గంటలో ఇరవై సార్లు ఎత్తి దించి ఉండొచ్చు, లేదా సర్వే లూప్‌తో ఒక్కసారే లేచి గంటంతా కొండల మీద తిరిగి ఉండొచ్చు, రెండూ కష్టమే, కానీ రెండూ ఒకటి కాదు, పుస్తకంలో మాత్రం రెండూ ఒక గంటే. కారు ఎన్ని లక్షల కిలోమీటర్లు నడిపినవాడైనా ట్రాలీ తగిలించిన ట్రాక్టర్‌ను రివర్సు చేయమంటే తడబడతాడు, ఇదీ అంతే. తాడు పొడుగైన కొద్దీ పైలట్ పక్క కిటికీలోంచి కిందికి వంగి చూస్తూ నడపాలి, బరువు ఊగడం మొదలైతే దాన్ని ఆపే నేర్పు వేరే.

యూరప్‌లో స్లింగ్ పనిని నిబంధనల్లోనే విడదీశారు: 20 మీటర్ల లోపు తాడు ఒక తరగతి, అది దాటితే ఇంకో తరగతి, టవర్లు నిలబెట్టడం, తీగలు లాగడం మళ్లీ వేరే. అమెరికాలోనూ నేల వదిలి పైకి లేచే బరువును ఒక తరగతిలో, నేలకు తగులుతూ వచ్చే బరువును మరో తరగతిలో పెట్టారు.

కాబట్టి మన దేశంలో విమానయాన నిబంధనలు చూసే డీజీసీఏ వాళ్లు కాగితం లాగ్‌బుక్‌లోనూ, ఎలక్ట్రానిక్ లాగ్‌బుక్‌లోనూ స్లింగ్ పనికి ప్రత్యేకంగా చోటివ్వాలి: ఎన్ని లిఫ్టులు, తాడెంత, ఏం సామాను, ఎంత బరువు, గాల్లో వదిలేయాల్సి వచ్చిందా. ఈ చివరిది ముఖ్యం. ప్రమాదం ముంచుకొస్తే బరువును వదిలేయడానికి పైలట్ చేతిలో ఒక బటన్ ఉంటుంది, వదిలితే అది పడేది కిందున్న చేనులోనో ఇంటి మీదనో. మన ఊళ్ల మీద ఇలాంటి పని చేయించేటప్పుడు మన ప్రభుత్వం కూడా టెండర్‌లో మొత్తం గంటలతో సరిపెట్టుకోకుండా ఈ వివరాలు అడగాలి.

మా వాడు ఇప్పుడు దేవరకొండలో కొన్న 200 పేజీల నోట్‌బుక్‌లో స్కేలు పెట్టి తనే గళ్లు గీసుకొని రోజూ రాసుకుంటున్నాడు. దాని మీద ఎవరి సంతకమూ ఉండదు, ఏ కంపెనీ దాన్ని ఒప్పుకోదు. ఆ గళ్లే అసలు లాగ్‌బుక్‌లో అచ్చు వేయమని అడుగుతున్నాను.

— ఒక పాఠకుడు, దేవరకొండ, నల్గొండ జిల్లా