తాళం వేసిన ఇళ్లనూ లెక్కలోకి తీసుకోండి

సంపాదకులకు నమస్కారం.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల (పీహెచ్‌సీల) పరిధిలో జరిగే చదువు, పరిశోధన గురించి ఈ ఉత్తరం. కర్నూలు, అనంతపురం, కడప ప్రభుత్వ వైద్య కళాశాలల నుంచి ఏటా పీజీ విద్యార్థులు థీసిస్‌ల కోసం పల్లెలకు వెళ్తారు. ఎంబీబీఎస్ చదువు ముగించి శిక్షణలో ఉన్న హౌస్ సర్జన్లు సామాజిక వైద్య విభాగంలో 12 వారాలు పనిచేస్తారు. ఎంబీబీఎస్ పిల్లలు చదువులో భాగంగా తాము దత్తత తీసుకున్న కుటుంబాల గడప తొక్కుతారు. అందరూ బీపీ చూస్తారు, షుగరు చూస్తారు, ఫారాలు నింపుతారు. ఇంత శ్రమ పడీ చివరికి తప్పు అంకె చేతికొస్తే ఎవరికీ లాభం లేదు. ఆ తప్పు ఎక్కువగా దొర్లేది తాళం వేసిన ఇంటి ముందు.

కర్నూలు జిల్లా పడమటి మండలాలైన ఆదోని, కోసిగి, పెద్దకడబూరు, కౌతాళం, మంత్రాలయం వైపు వాన ముఖం చాటేసిన ఏడాది దీపావళి దాటగానే జనం సుగ్గికి, అంటే పంట కోతల కాలపు కూలి వలసకు, కదులుతారు. గుంటూరు వైపు పత్తి ఏరడానికి, మిరపకాయలు కోయడానికి పిల్లాపాపలతో పోయి, ఉగాదికో ఆ తర్వాతో ఇల్లు చేరతారు. సరిగ్గా ఆ నెలల్లో సర్వే పెట్టుకుంటే వీధికి వీధే తాళాలు. జాబితాలో ఉన్న ఇల్లు మూసి ఉందని విద్యార్థి పక్కింటి తలుపు తడతాడు. సాయంత్రానికి కావలసిన సంఖ్య నిండుతుంది, ఫారాల కట్టలో ఏ లోపమూ కనిపించదు.

కానీ ఊళ్లో మిగిలింది ముసలివాళ్లు, బాలింతలు, నడవలేనివాళ్లు. వయసు పైబడినవాళ్లే ఎక్కువ దొరకడంతో ఊళ్లో బీపీ ఉన్నవాళ్ల శాతం నిజానికన్నా పెద్దదిగా వస్తుంది. మరోపక్క, మందులు తప్పుతున్నవాళ్లు వలసలో ఉన్నారు. ఇంట్లో దొరికినవాళ్లు నెలనెలా ఊరి ఆరోగ్య కార్యకర్త (ఏఎన్‌ఎం) దగ్గర మాత్రలు తీసుకునేవాళ్లు. దాంతో బీపీ అదుపులో ఉన్నవాళ్ల శాతమూ నిజానికన్నా మెరుగ్గా కనిపిస్తుంది. ఒకే సర్వేలో జబ్బు ఎక్కువగానూ వైద్యం బాగానూ కనిపించడానికి పక్కింటి తలుపు తట్టడం చాలు.

అందుకే తాళం వేసిన ఇంటిని వదిలేయకూడదు, మార్చనూ కూడదు. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు వేళల్లో మూడుసార్లు వెళ్లాలి. అందులో ఒకటి పొద్దున ఎనిమిదిలోపో సాయంత్రం ఆరు దాటాకో ఉండాలి, ఎందుకంటే పది నుంచి ఒంటిగంట వరకు పొలం పనికి పోయినవాళ్లు ఎలాగూ దొరకరు. అప్పటికీ తలుపు మూసే ఉంటే ఇరుగుపొరుగును, ఆశా కార్యకర్తను అడిగి కారణం రాసుకోవాలి: కూలికి పోయారా, సుగ్గికి పోయారా, ఊరే విడిచారా. థీసిస్‌లో ఎన్ని ఇళ్లకు వెళ్లారు, ఎన్నిట్లో మనుషులు దొరికారు, ఎన్ని వలసలో ఉన్నాయి అన్నది మొదటి పట్టికలోనే చూపాలి. ఇంట్లో కూడా తలుపు తీసినవాళ్లనే అడిగి వచ్చేయకూడదు. 18 ఏళ్లు దాటినవాళ్ల పేర్లు వయసు వరసలో రాసి, చీటీ తీసినట్టు ఒకరిని ఎంచుకుని, ఆ మనిషి కోసమే మళ్లీ రావాలి.

ఎన్ని ఇళ్లు కావాలో లెక్క వేసేటప్పుడూ ఇది మనసులో ఉండాలి. బీపీ 30 శాతం మందికి ఉంటుందనుకుని, 5 పాయింట్ల తేడాలోపు 95 శాతం నమ్మకంతో తేల్చాలంటే 323 మంది కావాలి. ఊళ్లవారీగా ఎంచుతున్నప్పుడు ఒకే ఊరివాళ్లు ఒకే తీరుగా ఉంటారు గనుక ఒకటిన్నర రెట్లు చేస్తే 485. నూటికి ఇరవై ఇళ్లలో మనుషులు దొరకరనుకుంటే 607. అయితే 607 ఇళ్లు తిరిగినంత మాత్రాన వలస వెళ్లినవాళ్లు దొరకరు. వాళ్ల కోసం సర్వేని జూన్–సెప్టెంబరు నెలలకు జరపాలి, లేదా ఉగాది దాటాక రెండో విడత పెట్టాలి. థీసిస్ గడువు తరుముతుంటుందని తెలుసు. కాలపట్టిక గీసేటప్పుడే థీసిస్‌కు దారి చూపే అధ్యాపకులు (గైడ్లు) ఈ మాట ఎత్తితే విద్యార్థి మీద అంత భారం పడదు.

ఇక బీపీ చూసే తీరు. ఎండలో నడిచి వచ్చిన మనిషిని బల్ల మీద కూర్చోబెట్టి వెంటనే చేతికి బీపీ మిషను పట్టీ చుట్టకూడదు. వీపు ఆనించి, పాదాలు నేలకు ఆనేలా, కాలు మీద కాలు వేయకుండా ఐదు నిమిషాలు కూర్చోబెట్టాలి. అరగంట ముందు నుంచి టీ, బీడీ, పొగాకు ముట్టకూడదు. మూత్రానికి పోయి రమ్మనాలి. చేతిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టాలి. గాలిలో వేలాడేస్తే అంకె పెరుగుతుంది. పట్టీలోని గాలి సంచి పొడవు దండచేయి చుట్టుకొలతలో 80 శాతం ఉండాలి. చాలా చోట్ల ఒకే సైజు పట్టీతో పని కానిస్తారు. లావు చేతికి అది చిన్నదై బీపీ ఎక్కువ చూపిస్తుంది, బక్క చేతికి పెద్దదై తక్కువ చూపిస్తుంది. మన పల్లెల్లో ఎండిన చేతుల ముసలివాళ్లు ఎంతమందో చూసినవాళ్లకు చెప్పనక్కర్లేదు. నిమిషం విడిచి మూడుసార్లు చూసి, మొదటిది వదిలేసి, మిగతా రెండింటి సగటు రాయాలి. కొలుస్తున్నంతసేపూ ఇద్దరూ మాట్లాడకూడదు.

కొలతలు సరిగ్గా తీశారో లేదో గైడు గదిలో కూర్చునే పట్టుకోవచ్చు. పాదరసం మిషనులో 2 చొప్పున గీతలుంటాయి, కాబట్టి చివరి అంకె 0, 2, 4, 6, 8 తలా ఐదో వంతు రావాలి. సగానికి సగం సున్నాలే ఉన్నాయంటే ఉజ్జాయింపుగా రాశారన్నమాట. 138 ఉన్నవాణ్ని 140 అని రాస్తే ఒక్క కలంపోటుతో మనిషి రోగి అయిపోతాడు. ఈ పరీక్షను మొదటి 50 ఫారాల దగ్గరే చేయాలి. సర్వే ముగిశాక చేస్తే దిద్దుకునే వీలుండదు.

ప్రశ్న అడిగే తీరు కూడా అంతే ముఖ్యం. "అధిక రక్తపోటుకు ఔషధాలు క్రమం తప్పక సేవిస్తున్నారా?" అంటే ఎవరైనా తలూపుతారు. "బీపీ మాత్ర నిన్న వేసుకున్నావా అమ్మా? మొన్న?" అని అడగాలి. తర్వాత మాత్రల అట్ట తెమ్మనాలి. రోజుకొకటి చొప్పున ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములవి 30 ఇచ్చి 12 రోజులైతే 18 మిగలాలి. అట్టలో 25 కనిపిస్తే మందలించకుండా ఎందుకని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోవాలి. కర్ణాటక సరిహద్దు ఊళ్లలో కన్నడం మాట్లాడే ఇళ్లు, ఆదోని పట్టణంలో ఉర్దూ మాట్లాడే ఇళ్లు ఉన్నాయి. వాళ్లకు తెలుగు ఫారం చదివి సంతకం తీసుకుంటే అది సమ్మతి అనిపించుకోదు. వేలిముద్ర వేసేవాళ్ల పక్కన సర్వే బృందానికి సంబంధం లేని సాక్షి ఉండాలి.

ఇదంతా పీహెచ్‌సీ రిజిస్టరుకూ వర్తిస్తుంది. జనవరి–మార్చిలో 120 మందికి బీపీ ఉందని నమోదైందనుకుందాం. జూలైలో 80 మంది వచ్చారు, వాళ్లలో 60 మందికి 140/90 కన్నా తక్కువ ఉంది. వచ్చినవాళ్లనే లెక్కిస్తే 75 శాతం, నమోదైనవాళ్లందరినీ లెక్కిస్తే 50 శాతం. రాని 40 మంది పేర్లు, వాళ్ల ఊళ్లు చూస్తే వచ్చే ఏటి థీసిస్ ప్రశ్న అక్కడే దొరుకుతుంది. వేల్స్‌లోని గ్లిన్‌కోరుగ్ అనే గని కార్మికుల ఊళ్లో డాక్టర్ జూలియన్ ట్యూడర్ హార్ట్ చేసింది ఇదే. తన దగ్గరకు రానివాళ్లను వెతికి మరీ ఊరందరికీ బీపీ చూశారు. వైద్యం ఎక్కువ అవసరమైన చోటే తక్కువ దొరుకుతుందని ఆయన 1971లో రాసిన మాట మన పడమటి మండలాలకు అచ్చంగా సరిపోతుంది. మన దేశంలో మహారాష్ట్రలోని గడ్చిరోలి పల్లెల్లో ఇంటి దగ్గరే పసికందుల సంరక్షణపై జరిగిన పరిశోధన 1999లో వెలువడింది. ఇవాళ ఆశాలు 3, 7, 14, 21, 28, 42 రోజులకు బాలింత ఇంటికి వెళ్తున్నారంటే దాని వెనుక ఆ పని ఉంది.

మన దగ్గర అలా తేల్చదగిన ప్రశ్న ఒకటి సిద్ధంగా ఉంది. సుగ్గికి పోయేముందు మూడు నెలల మాత్రలు, మందు పేరు, మోతాదు, చివరి బీపీ రాసిన కార్డు చేతికిస్తే, ఉగాదికి తిరిగొచ్చేసరికి ఎంతమందికి బీపీ అదుపులో ఉంటుంది? పీహెచ్‌సీ కింద ఉండే కొన్ని సబ్‌సెంటర్లను చీటీ తీసి ఈ పద్ధతికి, మిగతావాటిని నెలనెలా ఇచ్చే పద్ధతికి కేటాయించాలి. అప్పటికే అదుపులో ఉన్నవాళ్లనే తీసుకోవాలి. ఇన్సులిన్ వాడేవాళ్లను, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లను కలపకూడదు. ఎథిక్స్ కమిటీ అనుమతి, దేశంలో వైద్య ప్రయోగాలను నమోదు చేసే సీటీఆర్‌ఐలో నమోదు మొదటి మనిషిని చేర్చుకోకముందే పూర్తవ్వాలి. కూలీలను వలసకు తీసుకెళ్లే మేస్త్రీ ఫోన్ నంబరు రాసుకోవడం మరవకూడదు. వలసలో ఉన్న మనిషిని పట్టుకోవడానికి చాలాసార్లు అదొక్కటే దారి.

ఒక చిన్న హెచ్చరిక. 2019లో మన రాష్ట్రంలో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో "కర్నూలు" అంటే నంద్యాల కలిసి ఉన్న పాత జిల్లా. 2022 ఏప్రిల్ తర్వాతి కర్నూలు అంకెను దాని పక్కన పెట్టి పెరిగింది, తగ్గింది అనకూడదు. అనంతపురం, కడప జిల్లాలకూ ఇదే వర్తిస్తుంది.

అధికారులకు మా విన్నపం రెండు మాటల్లో. ప్రతి ప్రభుత్వ వైద్య కళాశాలకు వలస మండలాల్లో ఒక పీహెచ్‌సీని బోధన కేంద్రంగా జత చేయండి. అక్కడి వైద్యాధికారికి బోధన హోదా ఇచ్చి, వారంలో ఒక పూట ఓపీ నుంచి తప్పించి రిజిస్టర్లు చూసుకునే వీలు కల్పించండి. అలాగే, థీసిస్ ఆమోదానికి ముందు ఒక పేజీ తెలుగు నివేదిక ఆ పీహెచ్‌సీకి చేరి, ఏఎన్‌ఎంలు, ఆశాల నెలవారీ సమావేశంలో చదివి వినిపించాలన్న నియమం పెట్టండి. పేర్లు, ఇంటి నంబర్లు అందులో ఉండకూడదు. చిన్న ఊళ్లో "ఒకరికి ఉంది" అని రాసినా ఆ ఒకరెవరో ఊరికి తెలిసిపోతుంది.

ఇట్లు,
సామాజిక వైద్య అధ్యాపకులు,
కర్నూలు