జులైలో డెత్ వ్యాలీ ఏమిటమ్మా

చిట్టీ,

ఇక్కడ అంతా క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పి అలాగే ఉంది. బుజ్జిగాడి పరీక్షలు అయిపోయాయి. ఊరికే రాయాలనిపించి రాస్తున్నా, ప్రత్యేకించి విషయమేమీ లేదు. నీ దగ్గర్నుంచి ఫోన్ వచ్చి చాలా రోజులైంది, అది వేరే సంగతి.

నువ్వు జులైలో డెత్ వ్యాలీ, అదే ఆ కాలిఫోర్నియా ఎడారి లోయకి వెళ్తున్నావని రాజ్యం పిన్ని అంది. కారులో ఇద్దరేనట. రెండో మనిషెవరని నేను అడగలేదు, తనూ చెప్పలేదు. నవ్వి ఊరుకుంది.

చలికాలంలో మనం వెళ్లినప్పుడు ఆర్టిస్ట్స్ డ్రైవ్‌లో అమ్మ చేసిన పని గుర్తుందా? తొమ్మిది మైళ్ల దారి, అదీ వన్‌వే. ఆర్టిస్ట్స్ పాలెట్ దగ్గర దిగి, ఆ కొండ మీద గులాబీ, ఆకుపచ్చ, ఊదా రంగులు చూసి అద్దకం చీరలా ఉందని మురిసిపోయింది. ఇనుము వల్ల ఎరుపు, మాంగనీసు వల్ల ఊదా అని నేను చెప్తుంటే తల్లీకూతుళ్లు విన్నారా? మళ్లీ బయల్దేరి రెండు మలుపులు తిరిగామో లేదో, కళ్లజోడు పార్కింగ్‌లో మర్చిపోయానంది. వెనక్కి తిప్పడానికి లేదు. ఆ ఎత్తుపల్లాలన్నీ దాటి బ్యాడ్‌వాటర్ రోడ్డెక్కి, దక్షిణం వైపు వెళ్లి, మళ్లీ మొదటి నుంచీ రావాల్సి వచ్చింది. నువ్వు స్టీరింగ్ పట్టుకుని ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. అక్కడికెళ్లి నేను వంగి కార్ల కింద కూడా చూశాను. ఎవరో పెద్దాయన ఏం పోయిందని అడిగి, ఆయనా మాతోపాటు వెతికాడు. తీరా చూస్తే కళ్లజోడు అమ్మ స్వెటర్ జేబులోనే ఉంది! "పోనీలెండి, సాయంత్రం ఎండకి రంగులు ఇంకా బాగా కనిపిస్తున్నాయి" అంది మీ అమ్మ. నిజమే అనుకో.

చలికాలం కాబట్టి సరిపోయింది. జులై వేరు. 1913 జులై 10న ఆ లోయలోని ఫర్నేస్ క్రీక్‌లో 134 డిగ్రీల ఫారెన్‌హీట్ నమోదైంది, ప్రపంచ రికార్డు. నేను వెళ్లొద్దనడం లేదు. వెళ్తే తెల్లారేసరికి జాబ్రిస్కీ పాయింట్ చూసేయండి. పది దాటాక లోయలో నడవొద్దు, ఇది పార్కు వాళ్లే చెప్తారు. ఎండెక్కితే కొండ మీదున్న డాంటేస్ వ్యూకి పోండి. 5,475 అడుగుల ఎత్తు, కాస్త చల్లగా ఉంటుంది. సముద్రమట్టానికి 282 అడుగుల దిగువనున్న బ్యాడ్‌వాటర్ ఉప్పు మైదానం అక్కణ్ణుంచి కాళ్ల కింద ఉన్నట్టే కనిపిస్తుంది. ఉప్పు మీదకి దిగి నడవక్కర్లేదు.

మనిషికి రోజుకి గ్యాలన్ నీళ్లు తక్కువ కాకుండా పెట్టుకోండి. ట్యాంకు నింపుకోండి. ఫోన్‌లో మ్యాప్ చూపించిందని మట్టిరోడ్లలోకి తిప్పొద్దు. కారు ఆగిపోతే కారు దగ్గరే ఉండాలి తప్ప, సాయం కోసమని నడుచుకుంటూ పోకూడదు. లెక్చర్ ఇస్తున్నానని నవ్వుకో, ఫర్వాలేదు.

రేస్‌ట్రాక్ అనే ఆ ఎండిపోయిన చెరువు మాత్రం వద్దు. ఆ జారే రాళ్లు జారేది చలికాలంలో, నీళ్ల మీద పల్చటి మంచు కట్టి గాలి తోసినప్పుడు. జులైలో ఒక్క రాయి కూడా కదలదు. దానికోసం ఊబెహీబీ క్రేటర్ దగ్గర్నుంచి 27 మైళ్లు రాళ్లదారిలో పడి, అద్దెకారు టైర్లు చింపుకోవడం ఎందుకు? నవంబరులో పెట్టుకుంటే నీ సొమ్మేం పోయింది?

అక్కడ సిగ్నల్ ఉండదు, ఒప్పుకుంటా. నీ గదిలో ఉంటుందిగా?

పచ్చళ్ల పార్సెల్ అందిందో లేదో చెప్పలేదు. టోపీ కొనుక్కో, గుడ్డది, అంచు వెడల్పుగా ఉండేది. ఆ రెండో మనిషికి టైరు మార్చడం వచ్చో రాదో అడిగి రాయి. పేరు కూడా రాస్తే అమ్మకి చెప్తాను.

నాన్న