తీసేయడానికి రూలుంది, గడువే లేదు

సంపాదకులు గారికి నమస్కారం.

లంచం తీసుకుంటూ దొరికిన ఉద్యోగిని ఆ సాయంత్రమే ఇంటికి పంపాలని, రాజ్యాంగంలో 311వ అధికరణం ఉన్నంతకాలం ప్రభుత్వ ఆఫీసులు బాగుపడవని ఈ మధ్య మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు రాశారు. ఆయన కోపం న్యాయమైనదే. పాసుపుస్తకంలో తండ్రి పేరు తప్పు పడితే సరిచేయించుకోవడానికి పలమనేరు నుంచో, గంగాధర నెల్లూరు నుంచో పనులు మానుకుని తిరిగే రైతును అడిగితే ఇంకా గట్టిగానే చెబుతాడు. అయినా ఆయన కోరిన మార్పు రాకూడదనే ఈ ఉత్తరం రాస్తున్నాను. 2019లో రిటైరయ్యేవరకు నా సర్వీసులో ఎక్కువ భాగం ఉద్యోగుల సర్వీసు వ్యవహారాలు చూసే ఎస్టాబ్లిష్‌మెంట్ సెక్షన్‌లోనే గడిచింది. సస్పెన్షన్ ఆర్డర్లు, ఆరోపణలు రాసిచ్చే ఛార్జ్ మెమోలు, ఎంక్వైరీ రిపోర్టులు నా టేబుల్ మీదుగానే పోయేవి. ఎవరు ఎందుకు తప్పించుకుంటారో, ఎవరు ఎందుకు నలిగిపోతారో అక్కడ కూర్చుని చూశాను.

ముందు 311లో ఏముందో చూద్దాం. ఉద్యోగిని నియమించిన అధికారి కంటే కింది అధికారి అతణ్ని తొలగించకూడదు. తొలగించే ముందు ఆరోపణ ఏమిటో చెప్పి, విచారణ జరిపి, అతని మాట వినాలి. అంతే. ఎవరినీ తీసేయకూడదని అందులో ఎక్కడా లేదు. పైగా మూడు మినహాయింపులు ఆ అధికరణంలోనే ఉన్నాయి. క్రిమినల్ కేసులో శిక్ష పడినా, విచారణ జరపడం ఆచరణలో సాధ్యం కాదని అధికారి కారణాలు రాసిపెట్టినా, భద్రత దృష్ట్యా విచారణ తగదని రాష్ట్రపతి గానీ గవర్నర్ గానీ భావించినా, విచారణ లేకుండానే తీసేయొచ్చు. ఈ మినహాయింపులు చెల్లుతాయని 1985లో తులసీరామ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. శిక్ష ఖరారు చేసే ముందు ఉద్యోగి మాట ఇంకోసారి వినాలన్న నిబంధన ఒకప్పుడు ఉండేది. 1976లో 42వ సవరణతో అదీ పోయింది. కాబట్టి ఏసీబీ (అవినీతి నిరోధక శాఖ) కోర్టులో శిక్ష పడ్డ మనిషిని ఇంటికి పంపడానికి 311 అడ్డం రాదు.

మరి ఎందుకు పంపలేకపోతున్నారు? జవాబు కోసం రాజ్యాంగం దాకా పోనక్కర్లేదు. మన రాష్ట్రంలో ఈ విచారణలు 1991 నాటి సీసీఏ రూల్స్ (ఉద్యోగుల క్రమశిక్షణ, అప్పీళ్ల నియమాలు) ప్రకారం నడుస్తాయి. పెద్ద శిక్ష వేయాలంటే 20వ రూలు కింద ఛార్జ్ మెమో ఇచ్చి, విచారణ జరపాలి. దానికి ఎంక్వైరీ ఆఫీసర్‌గా వేసేది ఎవరిని? అప్పటికే ఊపిరాడని పనిలో ఉన్న ఒక అధికారిని. ఎన్నికలు, భూముల రీసర్వే, మంత్రుల పర్యటనలు, తిరుపతిలో అయితే బ్రహ్మోత్సవాల డ్యూటీ, ఇవన్నీ అయ్యాకే ఆయన ఈ ఫైలు తెరుస్తాడు. సాక్షులకు నోటీసులు పంపేలోపు బదిలీ అవుతుంది. కొత్తాయన వచ్చి మొదటి పేజీ నుంచి చదవాలి. ఒరిజినల్ కాగితాలు ఏసీబీ దగ్గరో కోర్టులోనో ఉంటాయి. వాటి జిరాక్సుల కోసం లెటర్లు, ఆ లెటర్లకు రిమైండర్లు. ముఖ్యమైన సాక్షి రిటైరై బెంగళూరులో కొడుకు దగ్గర ఉంటాడు, పిలిచినా రాడు. 2024 జూలైలో మదనపల్లె సబ్ కలెక్టర్ ఆఫీసులో మంటలు లేచి ఫైళ్లు కాలిపోయిన వార్త చదివి ఆ రోజంతా మనసు మనసులో లేదు. ఒక కాగితం పోతే దానితో పాటు ఎవరి న్యాయం పోతుందో ఆ సెక్షన్‌లో పనిచేసినవాళ్లకు తెలుస్తుంది.

ఒక కేసు చెబుతాను. శాఖ పేరు, మనిషి పేరు రాయను. నగదు కౌంటర్ చూసే జూనియర్ అసిస్టెంట్ ఒకాయన. వసూలైన ఫీజు ట్రెజరీకి కట్టలేదని ఆడిట్‌లో రాశారు, సస్పెండ్ చేశారు. ఛార్జ్ మెమో రావడానికే ఏడాది దాటింది. సస్పెన్షన్‌లో చేతికొచ్చేది సగం జీతం లెక్కన జీవనాధార భత్యం. వేరే ఏ పనీ చేయడం లేదని నెలనెలా సర్టిఫికెట్ ఇస్తేనే అదీ వస్తుంది. ఆ సర్టిఫికెట్ పట్టుకుని వచ్చినప్పుడల్లా నా సీటు పక్కన నిలబడేవాడు, కూర్చోమన్నా కూర్చునేవాడు కాదు. “డబ్బు కట్టినానమ్మా. చలాన్ రాసింది కూడా సారే. కాణిపాకం రమ్మంటే వస్తా, సామి ముందర ప్రమాణం చేస్తా. ఇంకేం చేసేదమ్మా నేను?” అనేవాడు. మన జిల్లాలో కాణిపాకం ప్రమాణం కంటే పెద్ద మాట ఎవరూ చెప్పలేరు. కానీ ఫైలుకు కాగితం కావాలి. ఆ కాగితం ట్రెజరీలో ఉంది. తెప్పించాల్సిన ఎంక్వైరీ ఆఫీసర్లు ఒకరి తర్వాత ఒకరు మారిపోతున్నారు.

చివరికి ఒక మహిళా అధికారి వచ్చారు. ట్రెజరీ లెక్కలు తెప్పించుకుని, తేదీల వారీగా తనే కూర్చుని సరిచూశారు. డబ్బు ఒక్క రూపాయి తగ్గకుండా కట్టే ఉంది. చలాన్ మీద పద్దు నంబరు తప్పు పడడంతో వేరే ఖాతాలో జమైంది. ఆ నంబరు పై అధికారి రాసిందే. ఎంక్వైరీ రిపోర్టు ఉద్యోగికి చూపకుండా శిక్ష వేయకూడదని 1993లో హైదరాబాద్‌లోని ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ సంస్థ ఈసీఐఎల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. అలా రిపోర్టు కాపీలు ఇవ్వడం ఆఫీసుల్లో అలవాటైంది కాబట్టి, తను తప్పు చేయలేదన్న మాట ఆయన అచ్చులో చదువుకోగలిగాడు. అప్పటికే రిటైరైపోయాడు. తాత్కాలిక పెన్షన్ వస్తోంది, గ్రాట్యుటీ ఆపేశారు. సస్పెండైన వాళ్లింటి పిల్ల అని కూతురికి కుదిరిన సంబంధం తప్పిపోయింది. భార్య మురుకులు చేసి అంగళ్లకు వేసేది. ఆ తర్వాత రావాల్సిన బకాయిలన్నీ చేతికొచ్చాయి, నిజమే. ఆ అమ్మాయి పెళ్లి మాత్రం చాలా ఆలస్యంగా జరిగింది.

పాఠకుడు గారు కోరినట్టు ఆడిట్‌లో తప్పు రాసిన రోజే ఆయన్ని డిస్మిస్ చేసి ఉంటే పెన్షన్ కూడా ఉండేది కాదు. ట్రెజరీ లెక్క తెరిచి చూసే అవసరం ఎవరికీ వచ్చేది కాదు. అలాగని రూలు ఆయన్ని కాపాడిందని గొప్పగా చెప్పుకోలేను. నాలుగు చలాన్లు సరిచూసే పనికి అన్నేళ్లు పట్టడం తప్పు చేయనివాడికి వేసిన శిక్షే.

రెండో రకం మనిషినీ చూశాను. ఏసీబీ వాళ్లు నోట్లకు రాసిన పొడి వేళ్లకు అంటి, ద్రావణంలో ముంచగానే గులాబీ రంగు తిరిగిన మనిషి. కొన్నాళ్లకు సస్పెన్షన్ ఎత్తేస్తారు, మళ్లీ సీట్లో కూర్చుంటాడు. కోర్టు కేసు తేలనీ అని శాఖ చేతులు ముడుచుకుంటుంది. నిజానికి అలా ఆగనక్కర్లేదు. క్రిమినల్ కేసు సాగుతూ పోతుంటే శాఖాపరమైన విచారణ మళ్లీ మొదలుపెట్టి ముగించవచ్చని, మన పక్కనే ఉన్న కోలార్ బంగారు గనుల సెక్యూరిటీ అధికారి పాల్ ఆంథోనీ కేసులో 1999లోనే సుప్రీంకోర్టు చెప్పింది. అయినా ఆగుతారు. ఈలోపు అతను రిటైరవుతాడు. రిటైరైనవాణ్ని డిస్మిస్ చేయలేరు, పెన్షన్ ఆపడమో కోత పెట్టడమో తప్ప. ఆలస్యం వల్ల ఇలాంటివాడు బాగుపడతాడు, ఆ జూనియర్ అసిస్టెంట్ లాంటివాడు చితికిపోతాడు. కోపం రావాల్సింది ఇక్కడ.

విచారణ లేకుండా పంపేస్తే ఏమవుతుందో కూడా మనకు తెలియనిది కాదు. 2003 జూలైలో తమిళనాట జయలలిత ప్రభుత్వం సమ్మెలో ఉన్న దాదాపు 1,70,000 మంది ఉద్యోగుల్ని, టీచర్లను ఆర్డినెన్స్ తెచ్చి ఏ విచారణా లేకుండా తొలగించింది. చిత్తూరు వాళ్లకు వేలూరు, గుడియాత్తం, తిరుత్తణి పరాయి ఊళ్లు కావు. మా చిన్నమ్మ కోడలు గుడియాత్తంలో టీచరు. ఆ నెల మా బంధువుల ఇళ్లలో టెన్షన్ ఎలా ఉండేదో చెప్పలేను. సమ్మె చేసే హక్కు లేదని సుప్రీంకోర్టు గట్టిగా మందలించింది. చివరికి క్షమాపణ రాసిచ్చినవాళ్లలో అత్యధికుల్ని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. ఆవిడా రాసిచ్చి బడికి వెళ్లింది. బడికి రోజూ పోయే టీచరెవరు, పోని టీచరెవరు అన్న ప్రశ్న ఆ మొత్తం వ్యవహారంలో ఎవరూ అడగలేదు.

ఇంకో సంగతి. తిరుపతి చుట్టుపక్కల భూమి ధరలు అందరికీ తెలుసు. చెరువు పోరంబోకును పట్టా భూమిగా రాయమని పెద్దవాళ్ల నుంచి ఫోన్ వస్తే, కుదరదని చెప్పే వీఆర్వోకు, తహసీల్దారుకు వెనక ఉన్న ధైర్యం ఏమిటి? తనను తీసేయాలంటే కారణం రాయాలి, విచారణ జరపాలి అన్న ఈ ఒక్క నియమమే. 1949లో రాజ్యాంగ సభలో సర్దార్ పటేల్ సర్వీసులకు రక్షణ కావాలని పట్టుబట్టింది కూడా అధికారి తన అభిప్రాయాన్ని మంత్రి ముందు భయం లేకుండా చెప్పగలగాలనే. ఆ రక్షణ తీసేస్తే ముందు పోయేది లంచగొండి కాదు. అతనికి పెద్దవాళ్ల అండ ఎప్పుడూ ఉంటుంది. కుదరదని చెప్పినవాడే ముందు పోతాడు. ఔట్‌సోర్సింగ్ వాళ్లకు ఈ రక్షణ ఈనాటికీ లేదు. రేపటి నుంచి రావద్దంటే అంతే. వాళ్లకు కూడా కనీసం కారణం రాసి ఇచ్చి, జవాబు చెప్పుకునే వ్యవధి ఇవ్వాలి.

రూల్స్ మార్చాలని నేనూ కోరుతున్నాను, గడువుల విషయంలో. ఛార్జ్ మెమో ఇవ్వకుండా మూడు నెలలకు మించి సస్పెన్షన్ సాగకూడదని 2015లో అజయ్ కుమార్ చౌధరి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. విచారణ వీలైతే ఆరు నెలల్లో, ఎంత ఆలస్యమైనా ఏడాదిలో ముగించాలని అదే ఏడాది ప్రేమ్‌నాథ్ బాలి కేసులో చెప్పింది. ఇవి సర్క్యులర్లలో తిరిగితే చాలదు. సీసీఏ రూల్స్‌లోకే ఎక్కించాలి. గడువు దాటితే ఏ అధికారి దగ్గర ఫైలు ఆగిందో ఆయన సర్వీసు రికార్డులో ఆ మాట పడాలి. జిల్లాకు ఒకరిద్దరు అధికారుల్ని వేరే ఏ డ్యూటీ లేకుండా విచారణలకే కేటాయించాలి. బదిలీ అయినా చేతిలో ఉన్న విచారణ ముగించే వెళ్లాలి. రిటైర్మెంట్‌కు రెండేళ్లలోపు ఉన్నవాళ్ల కేసులు ముందు తీసుకోవాలి. అలా చేస్తే దొరికిన దొంగ పెన్షన్ దాకా నెట్టుకురాలేడు.

వీటిలో ఒక్కదానికీ రాజ్యాంగ సవరణ అక్కర్లేదు. సర్వీసు రూల్స్ మార్చే అధికారం 309వ అధికరణం కింద రాష్ట్ర ప్రభుత్వానికే ఉంది. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఏడాది దాటిన శాఖాపరమైన విచారణలు ఎన్ని ఉన్నాయో, ఒక్కొక్కటి ఎవరి దగ్గర ఎన్నాళ్లుగా ఉందో ఉద్యోగుల పేర్లు లేకుండా ఇద్దరు కలెక్టర్లూ ప్రకటించాలని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. ఆ పాఠకుడు గారు కూడా ఈ కోరికకు గొంతు కలిపితే సంతోషిస్తాను.

ఇట్లు
ఒక రిటైర్డ్ సూపరింటెండెంట్
కొంగారెడ్డిపల్లె, చిత్తూరు